కాలువ తవ్వినవారు ఉన్నారు, నడిపేవారు ఎవరు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సాగునీటి గురించి మాట్లాడేటప్పుడు మనకు అలవాటైన లెక్కలు రెండే: ఎన్ని టీఎంసీలు, ఎన్ని కోట్లు. శిలాఫలకం మీద ఉండేవీ, సభల్లో వినిపించేవీ, పత్రికల్లో అచ్చయ్యేవీ ఈ రెండు అంకెలే. ఆ కాలువ కింద ఆఖరి మడికి ఈ ఖరీఫ్‌లో నీరు ఏ తేదీన చేరింది, ఎన్ని రోజులు పారింది, ఎన్నిసార్లు తప్పింది అన్న లెక్క ఎక్కడా కనిపించదు. అలాంటి లెక్క రాసే బాధ్యత ఎవరికీ లేదు కనుక అది లేదు. సాగునీటి ప్రాజెక్టు పనితీరును నిర్ణయించేది కాంక్రీటు ఎంత పోశారన్నది కాదని, కట్టిన తరువాత దానిని నడిపే యంత్రాంగం ఎవరికి జవాబు చెబుతుందన్నదేనని నేను నమ్ముతున్నాను. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా మన పరిస్థితిని ఉన్నది ఉన్నట్టు చూడాలి. ఇవి కరువు జిల్లాలు కావు. ఏటా సగటున వెయ్యి మిల్లీమీటర్లకు మించి వాన పడుతుంది. వంశధార, నాగావళి, సువర్ణముఖి, వేగావతి, చంపావతి, గోస్తని, మహేంద్రతనయ, బాహుదా ఇవన్నీ ఈ నేల మీదుగానే పారి చివరికి సముద్రం చేరుతున్నాయి. వీటికి తోడు కొండల నుంచి దిగే గెడ్డలు, జమీందారీ కాలం నుంచి వచ్చిన వేలాది చెరువులు ఉన్నాయి. ఇంత ఉండి కూడా ఉభాల (వరి నాట్ల) వేళకు ఆకాశం వైపు చూసే రైతు, ఆకుమడి ముదిరిపోతోందని ఇంజను అద్దెకు తెచ్చుకునే రైతు, చివరికి పొలం కౌలుకిచ్చి చెన్నైకో హైదరాబాదుకో కూలికి వెళ్లిపోయే రైతు ఇక్కడ ఎందుకు ఉన్నాడు? వాన పడటానికీ, పంటకు కావలసిన రోజున మడిలో నీరు నిలవటానికీ మధ్య ఒక వ్యవస్థ ఉండాలి. ఆ వ్యవస్థ పేరుకే మిగిలింది కాబట్టి అతనికి ఈ గతి పట్టింది.

వంశధార సంగతి చూద్దాం. 1962లో అప్పటి ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా ప్రభుత్వాలు ఈ నదిలో 115 టీఎంసీలు ఉన్నట్టు లెక్కించి చెరి సగం పంచుకోవటానికి అంగీకరించాయి. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ కట్టి కుడి, ఎడమ కాలువలు తవ్వారు. ఎడమ ప్రధాన కాలువ నూరు కిలోమీటర్లు దాటి ప్రయాణిస్తుంది. దాని కింద లెక్కల్లో ఉన్న ఆయకట్టు 1,48,000 ఎకరాల పైచిలుకు. నదికి ఎగువన నేరడి దగ్గర తలపెట్టిన బ్యారేజీ మీద ఒడిశాతో వివాదం ముదిరి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017 సెప్టెంబరులో దాని తీర్పు వచ్చింది. ఈలోగా హిరమండలం దగ్గర 19 టీఎంసీల జలాశయం కట్టారు, దానికి నీరు మళ్లించేందుకు భామిని మండలం కాట్రగెడ్డ వద్ద సైడ్ వియర్ (నది నీటిని పక్కకు మళ్లించే కట్టడం) పని చేపట్టారు. ఇవన్నీ పెద్ద విషయాలే. రాష్ట్రాల మధ్య తగువు తెగకపోతే కింది ఇంజనీరు ఎంత సమర్థుడైనా లేని నీటిని తేలేడు. ఝంఝావతి నది మీద అసలు డ్యాం పూర్తి కాక, ముంపు విషయంలో ఒడిశా సమ్మతి రాక, 2006లో రబ్బరు డ్యాంతో సరిపెట్టుకోవలసి వచ్చిన కథా అలాంటిదే. ఈ పరిమితులను నేను తక్కువ చేసి చూపటం లేదు.

అయితే నదిలో నిండుగా నీరున్న రోజుల్లోనూ, గొట్టా గేట్లు ఎత్తి వరదను కళింగపట్నం వైపు సముద్రంలోకి వదులుతున్న రోజుల్లోనూ ఎడమ కాలువ చివర ఉన్న టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల శివారు భూముల నుంచి నీరు రాలేదన్న ఫిర్యాదు వస్తూనే ఉంటుంది. దీనికి ఒడిశాను తప్పుపట్టలేం. ఎగువ రాష్ట్రంతో ఉన్న చిక్కు వేరు, సొంత కాలువలో మొదటి కిలోమీటరుకూ ఆఖరి కిలోమీటరుకూ మధ్య ఉన్న చిక్కు వేరు. మొదటిది తేలే వరకు రెండోదాని గురించి మాట్లాడకపోవటం మనకు అలవాటైపోయింది. మొదటిది దశాబ్దాల పాటు తేలలేదు కనుక రెండోది అలాగే పడి ఉంది.

శివారుకు నీరు ఎందుకు చేరదో తెలియాలంటే ఏదైనా ఒక పిల్ల కాలువ మదుము (నీరు వదిలే తూము) దగ్గర నిలబడి చూడాలి. మా వైపు అలాంటి మదుము ఒకటి నాకు బాగా తెలుసు. షట్టరు పలక అడుగున తుప్పు పట్టి అరచేయి దూరేంత కన్నం పడింది. దానిని ఎత్తి దించే మరకు పిడి లేదు. పిడి ఎవరి దగ్గర ఉంటే వారే ఆ పూటకు అధికారి. గోడ మీద అడుగులు, అంగుళాలు గీసిన కొలత పలక ఒకప్పుడు ఉండేదని చెప్పటానికి తెల్లరంగు మరక ఒకటి మిగిలింది. షట్టరు కన్నానికి అడ్డంగా ఎరువుల గోనెల్లో మట్టి నింపి వేస్తారు, రాత్రి ఎవరో తీసేస్తారు, పొద్దున్నే మళ్లీ వేస్తారు. ప్రధాన కాలువలో ఎన్ని అడుగుల నీరుంటే ఈ మదుములోకి ఎన్ని క్యూసెక్కులు (సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు) పోతాయో చెప్పగల సాధనం అక్కడ ఏదీ లేదు. కొలత లేని చోట హక్కు ఎలా నిలుస్తుంది?

కాలువ పారే రోజుల్లో మా శివారు ఊళ్ల నుంచి నలుగురైదుగురు బండ్లు వేసుకొని రాత్రిళ్లు ఎగువకు వెళ్లి, మదుముల దగ్గర కాపలా ఉండి, తెల్లవారాక తిరిగి రావటం మామూలు విషయం. మా చిన్నాన్న ఈ కాపలాకు ఏళ్ల తరబడి వెళ్లాడు. ఒకసారి ఆయనతో పాటు నేనూ కాలువ గట్టు మీద కూర్చున్నాను. ఎగువ ఊరి రైతు ఒకాయన లాంతరు పట్టుకొని వచ్చి, మమ్మల్ని చూసి, తిట్టకుండా, కోప్పడకుండా, పక్కనే కూర్చొని బీడీ వెలిగించాడు. "రేపు కాలువ కట్టేస్తారో ఏటో తెలీదు బాబూ, అందికే ఇయ్యాలే నింపేసుకుంటన్నాం" అన్నాడు. ఆ మాటలో దురాశ నాకు కనిపించలేదు. మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియని నీటిని మనిషి వచ్చినప్పుడే పట్టి ఉంచుకుంటాడు. మంగళవారం తన వంతు ఖాయమని ఆయనకు నమ్మకం ఉంటే సోమవారం రాత్రి మదుము ఎత్తే అవసరం ఉండేది కాదు. ఎగువ రైతు స్వార్థపరుడని శివారు రైతు, శివారు రైతు గొడవలమారి అని ఎగువ రైతు, ఇద్దరూ క్రమశిక్షణ లేనివారని ఇంజనీరు అనుకుంటూ పోతే ఎన్నేళ్లయినా తేలదు. తేదీ చెప్పి ఆ తేదీకి నీరు ఇవ్వగల యంత్రాంగం లేకపోవటమే ఈ ముగ్గురి మధ్యా ఉన్న అసలు సమస్య.

ఈ నష్టం ఎంత ఉంటుందో చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఒక క్యూసెక్కు నీరు ఇరవై నాలుగు గంటలు పారితే దాదాపు రెండు ఎకరాల్లో అడుగు మందాన నిలుస్తుంది. ఒక్క మదుములోకి అవసరానికి మించి అయిదు క్యూసెక్కులు పది రోజుల పాటు పోయిందనుకుందాం. అంటే వంద ఎకరాల్లో అడుగు మందాన నిలవవలసిన నీరు ఎగువ పల్లంలో మురుగై మళ్లీ గెడ్డలో కలుస్తుంది, అక్కడి వరికీ మేలు చేయదు. అలాంటి మదుములు కాలువ పొడవునా ఎన్ని ఉన్నాయో ఊహించుకుంటే, కొత్త జలాశయం కోసం మనం వెతుకుతున్న నీటిలో కొంత భాగం పాత కాలువలోనే దొరుకుతుందని అర్థమవుతుంది.

ఇక ఈ మదుముకు బాధ్యులెవరో చూద్దాం. గట్టు మీద తిరిగే లస్కరు, ఆయన పైన వర్క్ ఇన్‌స్పెక్టరు, ఆపై ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), ఆయన పై హోదాల్లో డీఈ, ఈఈ, ఎస్ఈ, చీఫ్ ఇంజనీరు, ఇలా వరుస ఉంది. ఈ వరుసలో ప్రతి ఒక్కరూ తమ పైవారికే జవాబు చెబుతారు గాని కింద నీరు అందుకునేవారికి జవాబు చెప్పే మెట్టు ఒక్కటీ లేదు. లస్కరు పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీ ఏళ్ల తరబడి నిండదు, ఉన్న మనిషికే పక్క కాలువ కూడా అప్పగిస్తారు. నిజానికి ఈ వరుసలో నీటిని కళ్లతో చూసే ఉద్యోగి లస్కరు ఒక్కడే. ఏ మదుము ఎప్పుడు ఎత్తాలో, ఏ గట్టు ఎక్కడ ఊటపెడుతుందో, ఏ ఊరివారు ఏ సమయంలో వస్తారో ఆయనకు తెలుసు. అలాంటి మనిషిని అన్నిటికంటే తక్కువ జీతానికీ, తక్కువ గౌరవానికీ వదిలేసి ప్రాజెక్టు ఎందుకు నడవటం లేదని అడగటం సబబు కాదు.

ఇంజనీరు వైపు నుంచి కూడా చూడాలి. కొత్త పనికి అంచనాలు, టెండర్లు, బిల్లులు, పర్యవేక్షణ ఉంటాయి, పేరూ వస్తుంది. కాలువను సక్రమంగా నడపటంలో ఇవేవీ లేవు. ఒక ఏఈ తన పరిధిలో శివారుకు పది రోజులు ముందుగా నీరు చేర్చాడనుకోండి, అది ఎక్కడా నమోదు కాదు, దానికి పదోన్నతి రాదు, చేర్చకపోయినా నష్టం లేదు. మనుషుల ప్రతిభ ఏ పనికి విలువ ఉందో ఆ పని వైపే మళ్లుతుంది. శాఖ నిర్మాణం కోసం పుట్టింది, నిర్మాణంలోనే ఆరితేరింది. నిర్వహణ అన్నది దాని జీవితంలో వేసవిలో పూడిక తీతకూ, వానకాలంలో గండి పూడ్చటానికీ కుదించుకుపోయింది. ఆ పూడిక తీత కూడా కాలువకు నీరు వదలటానికి కొద్ది రోజుల ముందు మొదలై, గుర్రపుడెక్కను గట్టు మీదికి లాగి, మొదటి వానకు అదే మళ్లీ కాలువలోకి జారేటట్టు ముగుస్తుండటం నేను చూశాను.

తోటపల్లిని చూస్తే నిర్మాణానికీ వినియోగానికీ మధ్య ఉన్న దూరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నాగావళి మీద బ్రిటిష్ కాలపు రెగ్యులేటరు స్థానంలో కట్టిన కొత్త బ్యారేజీని 2015 సెప్టెంబరులో జాతికి అంకితం చేశారు. పాత ఆయకట్టు దాదాపు 64,000 ఎకరాలు, కొత్తగా ఇవ్వదలచినది లక్షా ఇరవై వేల ఎకరాల పైమాటే. కాని ప్రధాన కాలువలో నీరు పారటం వేరు, దాని నుంచి చీలే డిస్ట్రిబ్యూటరీలు, వాటి కింద పిల్ల కాలువలు, వాటి కింద పొలానికి బోదెలు పూర్తయి మడి తడవటం వేరు. గజపతినగరం బ్రాంచి కాలువ ఏళ్ల తరబడి అసంపూర్తిగా ఉండిపోవటం మన కళ్లముందు జరిగినదే. బ్యారేజీ దగ్గర ప్రారంభోత్సవం ఉంటుంది గాని ఆఖరి బోదె దగ్గర ఉండదు. అందుకే డబ్బు, శ్రద్ధ, సమయం ముందున్న చోటే ఖర్చయిపోతాయి.

2022 జిల్లాల విభజన దీనికి మరో ముడి వేసింది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. తోటపల్లి బ్యారేజీ ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, దాని కుడి కాలువ తడపవలసిన పొలాలు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఉన్నాయి. సువర్ణముఖి మీది మడ్డువలస జలాశయం ఉన్న వంగర మండలం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, రెండో దశ కింద నీరు అందవలసిన జి.సిగడాం, లావేరు వంటి మండలాలు శ్రీకాకుళంలోనే ఉన్నాయి. నీరు ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో చర్చించే సాగునీటి సలహా మండలి కలెక్టరు అధ్యక్షతన జిల్లాకొకటి కూర్చుంటుంది. ఒక జిల్లా సమావేశంలో తల, మరో జిల్లా సమావేశంలో తోక ఉన్నప్పుడు శివారు రైతు తన గోడును ఏ కలెక్టరు ముందు పెట్టుకోవాలి? నది పరీవాహకాన్ని బట్టి సమావేశం జరగాలి గాని జిల్లా సరిహద్దును బట్టి కాదు. దీనికి ఒక్క బస్తా సిమెంటు కూడా అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

చెరువుల విషయంలో మన చరిత్ర మరీ చిత్రంగా నడిచింది. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతిలో విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాల కింద చెరువుల బాగోగులు జమీందారుకు లాభంతో ముడిపడి ఉండేవి. చెరువు నిండితేనే పంట, పంట పండితేనే శిస్తు. ఆ పాలనలో పీడన ఉంది, వెట్టి ఉంది; దానిని ఎవరూ తిరిగి కోరుకోరు. గట్టుకు గండి పడితే ఊరి జనం పనిలోకి దిగాలని చెప్పే చట్టాన్ని 1858లో మద్రాసు ప్రభుత్వం తెచ్చింది కూడా. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి, చెరువులు ప్రభుత్వపరమయ్యాయి. రద్దు కావలసిందే రద్దయింది. అయితే జమీందారు పోయిన చోట ఎవరు ఉండాలన్నది తేలకుండానే దశాబ్దాలు గడిచాయి. వంద ఎకరాల లోపు ఆయకట్టు ఉన్న చెరువులు చాలాకాలం పంచాయతీరాజ్ చేతిలో, అంతకు మించినవి నీటిపారుదల శాఖ చేతిలో ఉండేవి. ఇప్పుడు పూడిక తీసేది ఉపాధి హామీ కింద, చేపల వేలం వేసేది ఒకరు, శిఖం భూమి (చెరువు లోపలి నేల) ఆక్రమణ చూడవలసింది రెవెన్యూ, మదుము బాగు చేయవలసింది ఇంకొకరు. ఇంతమందికి తలా ఒక ముక్క ఉన్న చెరువుకు యజమాని మాత్రం లేడు. వేసవిలో కూలీలు శ్రమించి తవ్విన చెరువులోనే, మదుము తలుపు ఊడిపోయి ఉండటం వల్ల వాననీరు నిలవకుండా పోయిన సందర్భాలు మా ప్రాంతంలో ఉన్నాయి. పూడిక పద్దులో పని పూర్తయినట్టే లెక్క.

ఈ లోపాన్ని సరిదిద్దటానికి మన రాష్ట్రం ఒకసారి ధైర్యంగా ముందుకు వచ్చింది. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం ఉమ్మడి రాష్ట్రమంతటా పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ప్రాణం పోసింది. సంఘం, డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ప్రాజెక్టు కమిటీ అని మూడు అంచెలు పెట్టారు. అంతకు ముందే మొదటి పంట వరికి నీటి తీరువాను (నీటి పన్నును) ఎకరాకు 200 రూపాయలకు పెంచారు, వసూలైన దానిలో సంఘాలకు వాటా వస్తుందన్నారు. ఆ చట్టాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. ప్రతి సీజనుకూ వంతుల పట్టిక వేయటం, నీటి బడ్జెట్ తయారు చేయటం, సామాజిక తనిఖీ జరపటం సంఘాల విధులని అది రాసింది. అన్నిటికంటే ముఖ్యంగా, శాఖ నుంచి నియమించే అధికారి రైతు సంఘం తీర్మానాలను అమలు చేయటానికి బాధ్యుడని చెప్పింది. అంటే ఇంజనీరు జవాబు చెప్పవలసిన దిక్కును మార్చటానికి ప్రయత్నించింది.

ఆ తరువాత జరిగింది బాధాకరం. సంఘానికి నీటి పంపకం అధికారం కంటే పనుల అధికారం ముందుగా అందింది. పూడిక తీత, లైనింగు, షట్టర్ల మరమ్మతు పనులు సంఘం పేరున వచ్చేసరికి అధ్యక్ష పదవి మీద ఆశ పెరిగింది, కాలువ పట్టించుకునేవారికంటే పని చేయించి బిల్లు పెట్టేవారు ఆ కుర్చీ కోసం ముందుకు వచ్చారు. వంతుల పట్టిక వేసిన సంఘం నాకు తెలిసి మా చుట్టుపక్కల లేదు. తీరువా వసూలు రెవెన్యూ చేతిలోనే ఉండిపోయింది, వాటా సంఘానికి ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో ముందే తెలిసే ఏర్పాటు లేకపోయింది. తన దగ్గర వసూలైన రూపాయి తన కాలువకే ఖర్చవుతుందన్న నమ్మకం లేనప్పుడు రైతు తీరువా ఎందుకు సంతోషంగా కడతాడు? ఎన్నికలూ అంతే. కాలం తీరిన సంఘాలకు ఎన్నికలు జరపకుండా ఏళ్లు గడిపేయటం ఏ ఒక్క పార్టీకో పరిమితమైన లక్షణం కాదు. చాలా ఏళ్ల విరామం తరువాత 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి, చాలాచోట్ల ఏకగ్రీవాలు అయ్యాయి. రైతులు కూర్చొని మాట్లాడుకొని ఒకరిని ఎంచుకుంటే ఏకగ్రీవం మంచిదే. ఎవరిని కూర్చోబెట్టాలో ముందే పైనుంచి మాట వస్తే, అక్కడ ఎన్నికైన అధ్యక్షుడు కిందికి కాకుండా పైకే చూస్తాడు, మనం మళ్లీ లస్కరు నుంచి చీఫ్ ఇంజనీరు దాకా ఉన్న పాత వరుసలోకే మరొక మెట్టును చేర్చినట్టవుతుంది.

రైతులకు అప్పగిస్తే కొట్టుకుచస్తారని కొందరు అనుభవజ్ఞులే అంటారు. నేను దీనిని ఒప్పుకోను. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు 1980 ప్రాంతంలో కర్నూలు వైపు కాలువ కింది ఊళ్లలో చాలాకాలం పరిశీలించి చూసినది మనకు పనికివస్తుంది. కాలువ తలకు దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉమ్మడి ఏర్పాటు ఏదీ పెద్దగా కనిపించలేదు. తోకకు దగ్గరగా, నీటికి కటకట ఉన్న ఊళ్లలో రైతులే ఊరి నిధి పెట్టుకొని, నీరు కట్టే మనుషులను జీతానికి పెట్టి, ఎవరి మడికి ఎంత అన్నది వారి చేతికి అప్పగించారు. ఏ ప్రభుత్వ శాఖా వారికి నేర్పలేదు. అవసరం ఉన్న చోట మన రైతులు క్రమాన్ని కట్టుకోగలరని ఇది చెబుతుంది. అయితే ఊరి లోపల ఉన్న క్రమం ఊరి ముందున్న మదుము వరకే పనిచేస్తుంది, ఆ మదుములోకి నీరు రాకపోతే నీరు కట్టేవాడు ఏం పంచుతాడు? అదే పరిశోధకుడు ఇంజనీర్ల బదిలీల చుట్టూ తిరిగే డబ్బు కాలువ నడకను ఎలా శాసిస్తుందో కూడా రాశాడు. ఊరి క్రమం, శాఖ క్రమం రెండూ కలవకుండా ఏ ఒక్కటీ నిలబడదు.

రెండూ కలిసిన చోటు శ్రీలంకలో ఉంది. గల్ ఓయా ఎడమ కాలువ ఆ దేశంలోకెల్లా అధ్వానంగా నడిచే వ్యవస్థల్లో ఒకటిగా పేరుపడింది. 1981 నుంచి అక్కడ చదువుకున్న యువతీయువకులను సంస్థాగత నిర్వాహకులుగా ఊళ్లలోకి పంపారు. వారు పనులు చేయించలేదు, ముందుగా పిల్ల కాలువ కింద పదీ ఇరవై మంది రైతులను కూర్చోబెట్టి మాట్లాడించారు. కాలువ శుభ్రం చేసుకోవటం, వంతులు వేసుకోవటం అక్కడి నుంచి మొదలై పై కమిటీల దాకా వెళ్లింది, ఇంజనీర్లు ఆ కమిటీల్లో కూర్చోవటం నేర్చుకున్నారు. ఎగువన సింహళ రైతులు, తోకలో తమిళ రైతులు ఉన్న కాలువ అది. దేశమంతా జాతి వైరంతో మండుతున్న ఏళ్లలో ఎగువవారు తమ వంతు తగ్గించుకొని దిగువకు నీరు వదిలారు. మన ఎగువ ఊరికీ శివారు ఊరికీ మధ్య అంతటి వైరం ఏముంది? ఫిలిప్పీన్స్‌ది ఇంకొక దారి. 1974 తరువాత అక్కడి జాతీయ సాగునీటి సంస్థ తన నిర్వహణ ఖర్చును రైతుల రుసుము నుంచే రాబట్టుకోవలసి వచ్చింది. నీరు ఇవ్వకపోతే రుసుము రాదు, రుసుము రాకపోతే సంస్థ నడవదు. దానితో ఇంజనీర్లు రైతు సంఘాల దగ్గరకు వెళ్లక తప్పలేదు. చిన్న రైతులకు ఆ రుసుమును 2018లో ఎత్తివేశారు, మనకు ఆ పద్ధతి యథాతథంగా పనికిరాదు కూడా. ఉద్యోగి బతుకుదెరువుకూ రైతుకు అందే నీటికీ మధ్య ఒక దారం ఉండాలన్నదే మనం అక్కడి నుంచి తీసుకోవలసినది.

కాలువకు లైనింగు వేస్తే, గేట్లకు మోటార్లు పెడితే, కంప్యూటరు తెర మీద నీటిమట్టం కనబడితే ఈ గొడవ తీరిపోతుందని ఇంకొక వాదన ఉంది. లైనింగు కావాలి, ముఖ్యంగా ఇసుక నేలల మీదుగా పోయే చోట్ల. కాని లైనింగు వేసిన కాలువలో నీరు తొందరగా పారుతుంది తప్ప న్యాయంగా పారదు. మదుము పిడి ఎవరి చేతిలో ఉండాలన్నది ఏ ఆధునికీకరణ అంచనాలోనూ పద్దుగా ఉండదు. నిర్వహణను పట్టించుకోకుండా పాడుచేసి, పదిహేనేళ్లకు ఆధునికీకరణ పేరున అప్పు తెచ్చి, మళ్లీ నిర్వహణను వదిలేసే చక్రంలో మనం తిరుగుతున్నాం. ఆ అప్పు తీర్చేది మన పిల్లలు.

చేయవలసిన పనుల్లో చాలావాటికి ఖర్చు తక్కువ. ప్రతి డిస్ట్రిబ్యూటరీ తల దగ్గర కొలత పలక పెట్టి, పొద్దున, సాయంత్రం చదివిన అంకెను ఆ కాలువ కింది గ్రామ సచివాలయం గోడ మీద రాయవచ్చు. కాలువకు నీరు వదిలే తేదీ, ఏ బ్రాంచికి ఏ రోజుల్లో వంతు, ఎప్పుడు కట్టేస్తారు అన్నది ఆకుమడులు పోసే ముందే ప్రకటించవచ్చు. ప్రకటించిన దానిని తప్పితే ఎందుకు తప్పారో సంఘం ముందు ఏఈ వచ్చి చెప్పాలి. నీరు వదిలిన తొలి రోజుల్లో ముందుగా తోకకు నడిపించి, తరువాత ఎగువ మదుములు ఎత్తటాన్ని ఒక నియమంగా పెట్టాలి. ఎగువవారికి నీరు ఎలాగూ అందుతుంది కనుక వారికి దానివల్ల నష్టం స్వల్పం. లస్కరు ఖాళీలు నింపాలి. నింపలేకపోతే ఆ జీతాన్ని సంఘానికి ఇచ్చి మనిషిని వారినే పెట్టుకోనివ్వాలి. ఈ నియమాలను చట్టం వద్దనలేదు, చాలా భాగం చట్టంలోనే ఉన్నాయి.

ఇది ఇప్పుడే ఎందుకు తేల్చుకోవాలంటే, మన జలాశయాల మీద కొత్త హక్కుదారులు వచ్చి చేరుతున్నారు. మూత్రపిండాల వ్యాధితో దశాబ్దాలుగా నలిగిపోతున్న ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తీసుకువెళుతున్నారు. అది జరగవలసిన పని, దానికి అడ్డు చెప్పే రైతు మా వైపు ఉండడు. విజయనగరం జిల్లాలో గోస్తని మీద కట్టిన తాటిపూడి జలాశయం చాలాకాలంగా తన ఆయకట్టుతో పాటు విశాఖ నగరం దాహమూ తీరుస్తోంది. వాన తక్కువైన ఏడాది ఎవరికి ఎంత అన్న నియమం ముందే రాసి, రైతుల సంతకంతో ఉండకపోతే, సమయం వచ్చినప్పుడు బలం ఉన్నవారి మాటే చెల్లుతుంది. ఆ రోజున ఆయకట్టు రైతు తరఫున బల్ల ముందు కూర్చొని మాట్లాడేది ఎవరు? ప్రాజెక్టు కమిటీ బతికి ఉంటే ఆ కమిటీ అధ్యక్షుడు. లేకపోతే ఎవరూ ఉండరు.

చివరిగా, సంఘంలో సభ్యులెవరన్న విషయం. చట్టం ప్రకారం రికార్డుల్లో భూయజమానిగానో కౌలుదారుగానో ఉన్నవారికి ఓటు ఉంటుంది. మన ఊళ్లలో కౌలు నోటిమాటతో నడుస్తుంది. భూమి పేరున్న కుటుంబం విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటుంది, దమ్ము చేసేది, ఉభాలు వేసేది, రాత్రి మదుము దగ్గర కాపలా ఉండేది కౌలు రైతు. మగవాళ్లు వలస వెళ్లిన ఇళ్లలో ఆ కాపలా తప్ప మిగతా సాగంతా ఆడవారి మీదే ఉంటుంది, వారి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. నీటి అవసరం ఎవరికి ఉందో వారికి ఓటు లేని సంఘం వంతుల పట్టిక ఎందుకు వేస్తుంది? 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగు పత్రం ఇచ్చే వీలుంది. ఆ పత్రం ఉన్న ప్రతి ఒక్కరినీ నీటి సంఘం ఓటరు జాబితాలో చేర్చమని, ఆ పత్రం మీద సంతకం పెట్టటానికి జంకే భూయజమానులకు దానితో భూమి హక్కు పోదని గ్రామసభలో రెవెన్యూ వారి చేత చెప్పించమని, 2024లో ఎన్నికైన అధ్యక్షులను మనం అడగవచ్చు. వచ్చే ఖరీఫ్‌కు కాలువకు నీరు వదిలేలోగా జరిగే సంఘం సమావేశంలో ఈ రెండు తీర్మానాలతో పాటు వంతుల పట్టిక కూడా పెట్టించగలిగితే, దానిని అమలు చేయవలసిన బాధ్యత చట్టప్రకారం అధికారి మీద పడుతుంది. మా శివారు ఊళ్ల రైతులతో కలిసి ఆ అర్జీ రాసే పనిలో ఉన్నాను. మీ కాలువ ఏదైనా, మీ ఊరి సంఘానికీ అలాంటి అర్జీ ఇవ్వండి.